పక్కన మరో చెయ్యి ఉంటే



మనసుకు రోజూ కొత్త ఉత్సాహం ఎక్కడినుంచి తెచ్చుకోవాలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఉద్యోగం, వంట, పిల్లల చదువులు, పెద్దవాళ్ళ మందులు, ఆపైన చేతిలో ఫోను. వీటితోనే తెల్లారుతోంది, వీటితోనే పొద్దుగూకుతోంది. ఏదో ఒకటి చెయ్యాలని ఉంటుంది గానీ మనసు లేవడం లేదు అంటారు. పుస్తకాలు చదవమని కొందరు చెబుతారు, ఊళ్ళు తిరిగి రమ్మని కొందరు చెబుతారు. అవీ మంచివే. నేను చెప్పేది ఇంకా దగ్గరి దారి. చేతికి ఒక పని పెట్టండి. ఆ పనిని కళ్ళతో చూసి, వేళ్ళతో తడిమి, నాలుగు మాటలు చెప్పగల స్నేహం ఒకటి పక్కన ఉంచుకోండి. ఈ రెండూ కలిసినచోట ఉత్సాహాన్ని వెతుక్కోవలసిన పని ఉండదని నా గట్టి నమ్మకం.

చేతిపని ఒక్కటే ఉంటే కొన్నాళ్ళకు అటకెక్కుతుంది. ఎంతమంది ఇళ్ళల్లో సగం కుట్టిన దిండుగలీబులు, సగం అల్లిన స్వెట్టర్లు పెట్టె అడుగున లేవు! స్నేహం ఒక్కటే ఉంటే మాటలతో మధ్యాహ్నం గడిచిపోతుంది. రెండూ ఒక చాప మీద కూర్చున్నప్పుడు ఏం జరుగుతుందో మన తెలుగునేల మీద ఎన్నో ఊళ్ళు చూపించాయి. అందులో కొన్నింటి గురించి ఈరోజు మీతో మాట్లాడతాను.

ముందు మన వాకిలి చూద్దాం. ధనుర్మాసం వచ్చిందంటే చాలా ఇళ్ళల్లో ఒక పాత నోటుపుస్తకం బయటికి వస్తుంది. అట్ట ఊడి ఉంటుంది. ఒక పేజీలో పసుపు మరక, ఇంకో పేజీలో నూనె మరక. నిండా ముగ్గులు. ప్రతి ముగ్గు కింద ఒక లెక్క రాసి ఉంటుంది: ‘15 చుక్కలు, 8 వచ్చేవరకు, సందు చుక్క’. తెలిసినవాళ్ళకు ఆ ఒక్క ముక్క చాలు. నడిమి వరసలో 15 చుక్కలు పెడతారు. పైకీ కిందికీ వరసకొకటి తగ్గిస్తూ, రెండు చుక్కల సందున పై వరస చుక్క పడేలా పెట్టుకుంటూ పోతారు. చివరి వరసకు వచ్చేసరికి 8 మిగులుతాయి. మొత్తం 169 చుక్కలు, ఆరు వైపుల ఆకారం. బడికి వెళ్ళని అమ్మమ్మలు కూడా ఈ లెక్క తప్పకుండా పెట్టేవాళ్ళు. ఆ చుక్కల మధ్య పద్మాలు పూయిస్తారో, చిలకల్ని కూర్చోబెడతారో అది వేసేవాళ్ళ ఇష్టం.

ఆ నోటుపుస్తకాన్ని జాగ్రత్తగా తిరగేసి చూడండి. అది ఒక్కరి చేత్తో వేసింది కాదని తెలుస్తుంది. ఈ ముగ్గు పక్కింటి పిన్నిగారు నేర్పింది, ఇది హైస్కూల్లో కలిసి చదువుకున్న స్నేహితురాలు క్లాసు మధ్యలో వేసి ఇచ్చింది, ఇది ఆడపడుచు అత్తవారి ఊరినుంచి తెచ్చింది. ఒక్కో పేజీలో ఒక్కో చేతిరాత. పెళ్ళయి ఊరు మారినప్పుడు చీరలతో పాటు ఆ పుస్తకమూ పెట్టెలోకి ఎక్కుతుంది. అక్కడ ఇంకో నలుగురి ముగ్గులు దాంట్లో చేరతాయి. ఊళ్ళు దాటిన స్నేహాల చిట్టా అది.

సంక్రాంతి నెలలో పొద్దున్నే ముగ్గు వేసి ఊరుకోరు. వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒక్కసారి నడిచి వస్తారు. ఎవరి వాకిట్లో ఏం వేశారో నిలబడి చూస్తారు. ‘ఈ మెలిక ఎక్కడ మొదలుపెట్టావమ్మా’ అని అడుగుతారు. చీపురు పుచ్చుకుని ఉన్న ఇల్లాలు అక్కడే మట్టి మీద వేలితో గీసి చూపిస్తుంది. నేర్పడం, నేర్చుకోవడం అంతలోనే అయిపోతుంది. మర్నాడు ఆ మెలిక ఈ వాకిట్లో ఉంటుంది, కాకపోతే అందులో ఒక రేకు ఎక్కువ ఉంటుంది. ఆ ఒక్క రేకు కోసమే నేను ఈ విషయం చెబుతున్నాను. కళ అంటే మనందరికీ ఉన్న భయం ఏమిటంటే, కొత్తది సృష్టించాలి, ఎవరూ చెయ్యనిది చెయ్యాలి అని. ముగ్గు వేసే ఆడవాళ్ళు ఆ భయం పెట్టుకోలేదు. ఎదుటివాళ్ళ దగ్గర చూసి, మెచ్చుకుని, తీసుకుని, తమది ఒక రేకు కలిపారు. మధ్యాహ్నానికి సైకిళ్ళు, బళ్ళు దాని మీదుగా వెళ్ళిపోతాయి. ముగ్గు చెరిగిపోతుంది. చెరిగిపోతుందని తెలుసు గనకే చెయ్యి ధైర్యంగా కదులుతుంది. రేపు మళ్ళీ ఖాళీ వాకిలి ఉంటుంది, రేపు ఇంకోటి వెయ్యవచ్చు.

ఇప్పుడు వాకిళ్ళు తగ్గాయి, నిజమే. అపార్టుమెంట్లో గుమ్మం ముందు రెండడుగుల గచ్చు ఉంటే గొప్ప. అయినా ఆ రెండడుగుల్లోనే సుద్దముక్కతో వేసేవాళ్ళున్నారు. అమెరికాలో చలికి వాకిట్లో నిలబడలేక, సంక్రాంతికి హాలు అద్దెకు తీసుకుని ముగ్గుల పోటీలు పెట్టుకునే తెలుగువాళ్ళున్నారు. చోటు ఎంతని చూడకుండా, వేసే నలుగురూ ఒకచోట చేరడమే చూసుకున్నారు వాళ్ళు.

ఇక గోదావరి వైపు వద్దాం. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళల్లో మధ్యాహ్నం పూట వీధిలో నడిస్తే అరుగుల మీద ఆడవాళ్ళు కూర్చుని లేసు అల్లుతూ కనిపిస్తారు. చేతిలో కొక్కెం తిరిగిన చిన్న క్రోషి సూది, ఒళ్ళో నూలు ఉండ. అంతకుమించి సామాను లేదు. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు ఈ పని అక్కడి స్త్రీలకు నేర్పారు. పరాయి దేశపు విద్య గోదావరి డెల్టాకు వచ్చి, ఊరూరా పాకి, మన అరుగుల మీద మనదైపోయింది.

ఆ పనిని ఒకసారి దగ్గరగా చూడండి. నూలును ఎడమచేతి చూపుడువేలి మీదుగా చుట్టుకుంటారు. కుడిచేతిలోని సూది ఒక ముడిలోంచి లోపలికి వెళ్ళి, నూలును పట్టుకుని, మెలితిప్పి బయటికి లాగుతుంది. ముందు గొలుసు, గొలుసు చివరలు కలిపితే చక్రం, చక్రం చుట్టూ రేకులు. అరచేతిలో సగం కూడా లేని పువ్వు తయారవుతుంది. ఇలాంటి పువ్వులు ఎన్నో అల్లిన తర్వాత వాటిని కలపడం వేరే పని. దాన్ని అతుకు పని అంటారు. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు అతుకుతారు. ఒక బల్లగుడ్డ తయారయ్యేసరికి ఎన్ని చేతులు మారి ఉంటుందో చూసేవాళ్ళకు తెలియదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వాళ్ళ చూపు. మాట్లాడుతున్నంతసేపూ సూది ఆగదు, చూపు మాత్రం మధ్యమధ్య పక్కామె ఒళ్ళోకి వెళ్ళి వస్తూ ఉంటుంది. ఆమె రేకు చివర ఏదో కొత్తగా తిప్పింది. కాయితం మీద నమూనా ఉండదు. పువ్వు తీసుకుని, వెనక్కి తిప్పి, గోటితో ముళ్ళు లెక్కపెట్టుకుంటే అర్థమైపోతుంది. పొద్దుగూకేసరికి ఆ పువ్వు పక్క వీధికి చేరుతుంది. ఎవరు కనిపెట్టారని ఎవరూ రాసుకోరు. ఈ అరుగు మీద కొత్త కోడలికి అల్లిక వస్తుంది, ఊరు తెలుస్తుంది, కష్టం చెప్పుకునే చోటు దొరుకుతుంది.

అయితే ఈ అరుగు గురించి మాట్లాడేటప్పుడు ఇంకో సంగతి దాటవెయ్యకూడదు. మరియా మీస్ అనే జర్మన్ సమాజశాస్త్రవేత్త ఈ ఊళ్ళకు వచ్చి, ఈ స్త్రీలతో మాట్లాడి, 1982లో నరసాపురం లేసు పనివాళ్ళ మీద ఒక పుస్తకం ప్రచురించారు. ప్రపంచమంతా చదివిన పుస్తకం అది. ఇళ్ళల్లో కూర్చుని తీరికవేళ చేసే పనే కదా అన్న పేరు పెట్టి వీళ్ళ శ్రమకు ఎంత తక్కువ కట్టారో, ఆ లేసు విదేశాలకు వెళ్ళేసరికి లాభం ఎవరి చేతుల్లోకి వెళ్ళిందో ఆమె వివరంగా చూపించారు. చేతిపనిని ప్రేమిస్తున్నాం అంటే ఈ మాట కూడా చెప్పాలి. ఆ పువ్వు చూసి ‘అబ్బ, ఎంత బావుందో’ అనడంతో మన వంతు తీరదు. 2024లో నరసాపురం క్రోషి లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఫలం సూది పట్టిన వేళ్ళదాకా చేరడం కొనేవాళ్ళ చేతుల్లో కూడా ఉంది. సంతలో, ఎగ్జిబిషన్లో లేసు కొనేటప్పుడు పది రూపాయల దగ్గర గీచి గీచి బేరమాడకండి. షాపింగ్ మాల్లో అడిగినంత ఇచ్చి వచ్చే మనం అరుగు మీద అల్లిన చేతితో బేరమాడడం న్యాయం కాదు.

శ్రీకాళహస్తి సంగతి ఇంకో రకం. అక్కడ కలంకారీ గుడ్డ మీద కలంతో బొమ్మలు వేస్తారు. రామాయణం, భారతం కథలు వరసలు వరసలుగా వేసి, కింద తెలుగులో ఆ ఘట్టం రాస్తారు. 1950ల నాటికి ఆ పని తెలిసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. కొనే గుళ్ళు లేవు, అడిగే జమీందారులు లేరు. అప్పుడు అఖిల భారత హస్తకళల బోర్డును నడిపిస్తున్న కమలాదేవి చటోపాధ్యాయ ఈ పనిని వెతుక్కుంటూ వచ్చారు. ఆమె మంగళూరులో పుట్టిన స్వాతంత్ర్య సమరయోధురాలు. దేశమంతా తిరిగి, ఎక్కడ ఏ ముసలి చేతిలో ఏ విద్య మిగిలి ఉందో కనుక్కోవడమే పనిగా పెట్టుకున్న మనిషి. ఆమె చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం మొదలైంది. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు అక్కడ గురువుగా పిల్లలకు నేర్పారు. ఆయన కుమారుడు గురప్పశెట్టిగారు ఆ విద్యను ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. 2008లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇవాళ ఆ ఊళ్ళో ఎన్నో ఇళ్ళల్లో ఆడామగా కలం పట్టుకుని కూర్చుంటున్నారంటే, ఒక బయటి మనిషి వచ్చి ‘మీరు చేసేది చాలా గొప్ప పని, మానకండి’ అని చెప్పి, ఆ మాటకు తగ్గ ఏర్పాటు కూడా చేసినందుకే. స్నేహితులంటే ఇలా ఉండాలి.

ఆ గుడ్డ తయారయ్యే తీరు చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. కోరా నూలుగుడ్డను గంజి పోయేలా ఉతుకుతారు. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలల్లో ముంచి ఎండబెడతారు. పాలల్లో వెన్న ఉంటుంది కనక తర్వాత వేసే రంగు గుడ్డమీద పాకకుండా గీసినచోటే నిలుస్తుంది. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీస్తారు. కలం అంటే వెదురుపుల్ల. చివర సన్నగా చెక్కి, దానికి కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉన్ని రంగును పీల్చుకుని ఉంటుంది. వేళ్ళతో నొక్కితే రంగు చివరికి జారుతుంది. గీత లావు కావాలా, సన్నం కావాలా అన్నది ఆ నొక్కడంలోనే ఉంది.

నలుపు వాళ్ళు ఎలా చేస్తారో చూడండి. తుప్పుపట్టిన ఇనపముక్కలు, బెల్లం, నీళ్ళు ఒక కుండలో వేసి కొన్ని వారాలు ఊరబెడతారు. దాన్ని కసిం అంటారు. కుండలో చూస్తే అది నల్లగా ఉండదు, పలచని నీళ్ళలా ఉంటుంది. కలంతో తీసి కరక్కాయ పట్టిన గుడ్డమీద గీయగానే, కళ్ళముందే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని వగరూ, కుండలోని ఇనుమూ కలిసి చేసిన పని అది. ఎరుపు కావాలంటే ముందు పటిక నీళ్ళు పూస్తారు. అప్పుడు ఏ రంగూ కనబడదు. చెట్ల వేళ్ళు వేసి మరిగించిన నీళ్ళలో గుడ్డను ఉడికిస్తే పటిక పూసినచోట మాత్రం ఎరుపు తేలుతుంది. మధ్యమధ్య పారే నీళ్ళలో జాడించాలి, ఎండలో ఆరెయ్యాలి. సువర్ణముఖి ఒడ్డున ఈ కళ నిలబడటానికి ఆ ఏరు కూడా కారణమే. ఎంత తొందర ఉన్నా ఎండ తొందరపడదు. ఈ పని చేసేవాళ్ళకు ఓపిక ఎవరూ నేర్పక్కర్లేదు, పనే నేర్పుతుంది. ఎప్పుడూ ఏదో ఒకటి వెంటనే అయిపోవాలనే మన కాలానికి ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గురించి క్లుప్తంగా చెబుతాను. అంకుడు కర్రను తిప్పుతూ ఉలితో బొమ్మ చెక్కి, తిరుగుతున్న ఆ బొమ్మకే లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకు ఒత్తితే నిగనిగలాడుతుంది. ఒక దశలో రసాయన రంగులు వచ్చి, బొమ్మలు పిల్లలు నోట్లో పెట్టుకోవడానికి పనికిరానివయ్యాయి. ఆ ఊరివారే అయిన సి.వి. రాజుగారు పనివాళ్ళ పక్కన కూర్చుని, జాఫ్రా గింజలు, పసుపు, నీలిమందు వంటివాటితో మళ్ళీ చెట్టుచేమల రంగులు పట్టించే దారి వెతికారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో రాజుగారికి పద్మశ్రీ వచ్చింది. 2025 రిపబ్లిక్ దినోత్సవంలో మన రాష్ట్ర శకటం మీద ఢిల్లీలో ఊరేగింది ఏటికొప్పాక బొమ్మలే. చేసే చెయ్యి ఒకరిది, వెతికే బుద్ధి ఇంకొకరిది. ఇద్దరూ ఒక చెట్టుకింద కూర్చుంటేనే ఆ రంగు పుట్టింది.

ఇంతవరకూ ఊళ్ళ సంగతి చెప్పాను. ఇద్దరు మనుషుల మధ్య స్నేహం ఎంత చెయ్యగలదో మనకు తెలియంది కాదు. ఇందాక చెప్పిన నరసాపురంలోనే 1933లో బాపుగారు పుట్టారు. 1931లో ధవళేశ్వరంలో ముళ్ళపూడి వెంకటరమణగారు పుట్టారు. మద్రాసులో బడి పిల్లలుగా కలిసిన ఆ ఇద్దరూ 2011లో రమణగారు వెళ్ళిపోయేదాకా విడిపోలేదు. రమణగారు రాస్తే బాపుగారు గీసేవారు. వాళ్ళ కథల్లోని పిల్లవాడు బుడుగును రమణగారి మాటల్లో విన్నామా, బాపుగారి గీతలో చూశామా అంటే విడదీసి చెప్పగలిగిన తెలుగువాడు లేడు. ఒకరి పనిని మొట్టమొదట చూసే కళ్ళు ఇంకొకరివి కావడమే వాళ్ళ రహస్యమని నేననుకుంటాను.

అంతమంది ఎరగని ఇంకో మనిషి పేరు చెబుతాను. గుంటూరు జిల్లాలో దుగ్గిరాల దగ్గర తుమ్మపూడి అని పల్లెటూరు ఉంది. అక్కడ సంజీవదేవ్‌గారు ఉండేవారు. 1914లో పుట్టారు. చిన్నతనంలోనే హిమాలయాల దారి పట్టారు. కులూ లోయలో నికొలాయ్ రోరిక్ అనే రష్యన్ చిత్రకారుడి దగ్గర ఉన్నారు. తర్వాత తిరిగి తన పల్లెకే వచ్చేశారు. బొమ్మలు వేశారు, ఫొటోలు తీశారు, కళ గురించి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశారు. 1999లో కన్నుమూసేదాకా ఆయన చిరునామా ఆ పల్లెటూరే. ఉండే ఇంటికి ఆయన పెట్టుకున్న పేరు రసరేఖ. చిత్రకారులు, కవులు, చదువుకునే కుర్రవాళ్ళు పొలాల గట్లమ్మట ఆ ఇంటికి వెళ్ళేవాళ్ళు. రాలేనివాళ్ళకు ఉత్తరం వెళ్ళేది. ఆయన ఉత్తరాలు తర్వాత పుస్తకాలుగా వచ్చాయి. మబ్బు రంగు గురించి, చెట్టు నీడ గురించి, ఎదుటివాళ్ళు వేసిన బొమ్మ గురించి ఒక కార్డుముక్క రాసి పోస్టు చెయ్యడం మనలో ఎవరు చెయ్యలేం? పట్నంలో ఉంటేనే కళాకారులు స్నేహితులవుతారు అనుకునేవాళ్ళకు తుమ్మపూడి మంచి జవాబు.

ఇవన్నీ గొప్పవాళ్ళకు సాగుతాయి, మాలాంటివాళ్ళకు ఎలా అంటారేమో. మా పేటలో జరిగేది చెబుతాను. శనివారం మధ్యాహ్నాలు కొందరం ఒకరింట్లో కూర్చుంటాం. ఒక అక్క పాత నూలుచీరలతో బొంతలు కుడుతుంది. బొంత ఒక్కరివల్ల అయ్యే పని కాదు. చీరలు పరిచి, ముడత లేకుండా చెరో కొసా పట్టుకుని లాగి, నాలుగంచులూ ముందు కుట్టుకోవాలి. అందుకని ఎవరి పని వాళ్ళు పక్కన పెట్టి అందరం ఆ కొసలు పట్టుకుంటాం. ఏ చీర ఎవరిదో, దాన్ని ఏ పండక్కి కొన్నారో మాటల్లో వస్తుంది. చనిపోయిన అత్తగారి చీర పైపొరలో పెట్టుకుని, మనవడికి కుడుతోంది ఆ అక్క. రిటైరైన మాస్టారు ఒకాయన శుభలేఖలు పోగేసుకుని వస్తారు. పైన గణపతి బొమ్మ ఉంటుంది కనక పారేయడానికి ఎవరికీ చేతులు రావు, ప్రతి ఇంట్లోనూ ఒక దొంతర ఉంటుంది. ఆయన ఆ బొమ్మలు పాడవకుండా కత్తిరించి చిన్నచిన్న పెట్టెలు చేస్తారు, మడతల దగ్గర మైదా జిగురు రాసి బట్టల క్లిప్పులు పెడతారు. పసుపు కుంకుమలు పెట్టుకోవడానికి అందరూ అడిగి తీసుకుంటారు. ‘పెన్షన్ కాగితాల తర్వాత మళ్ళీ ఇంత శ్రద్ధగా కాగితం పట్టుకున్నది ఇప్పుడేనమ్మా’ అంటారాయన.

ఫోనులో వీడియోలు చూసి నేర్చుకోవచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. నేర్చుకోవచ్చు, నేనూ చూస్తాను. ఎలా చెయ్యాలో అవి చక్కగా చూపిస్తాయి. మీరు ఎలా చేస్తున్నారో మాత్రం అవి చూడలేవు. నూలు వేలికి రెండు చుట్లు చుట్టుకున్నావు, అందుకే అల్లిక బిగుసుకుపోతోంది, ఒక చుట్టు తియ్యి అని చెప్పాలంటే పక్కన మనిషి ఉండాలి. మీ చెయ్యి పట్టుకుని సడలించాలి. ‘సూపర్’ అని బొటనవేలు బొమ్మ పంపేవాళ్ళు వందమంది ఉండవచ్చు. ‘ఈ మూల ఎందుకు ఇలా తిప్పావు’ అని అడిగేవాళ్ళు ఒక్కరు చాలు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే మర్నాడు పొద్దున్న లేవగానే చెయ్యి పనివైపు వెళుతుంది. ఉత్సాహం గురించి మీరు అడిగినదానికి నా దగ్గరున్న జవాబు ఇదే.

ఆ ఒక్కరు మీకంటే బాగా చేసేవాళ్ళయితే మంచిది. మీకంటే చిన్నవాళ్ళయినా మంచిదే. వేరే పని చేసేవాళ్ళయితే ఇంకా మంచిది. బొంత కుట్టే అక్క రంగులు కలిపే తీరు చూసి మాస్టారి పెట్టెల అంచులు మారాయి. అసూయ పడేవాళ్ళ దగ్గర మాత్రం మీ పని విప్పకండి. కొత్తగా మొదలుపెట్టిన పని లేత మొక్క, దానికి ముందు కాస్త నీడ కావాలి. పోటీలు తర్వాత పెట్టుకోవచ్చు.

పిల్లల్ని ఈ చాప దగ్గరికి రానివ్వండి. సూది గుచ్చుకుంటుందని, జిగురు అంటుకుంటుందని దూరం పెట్టకండి. మార్కులు లేని పని ఒకటి ఉంటుందని, దానికోసం పెద్దవాళ్ళు మధ్యాహ్నం నిద్ర మానుకుని కూర్చుంటారని వాళ్ళు చూడాలి. మగపిల్లలకు కూడా నేర్పండి. శ్రీకాళహస్తిలో కలం పట్టిన చేతులు, ఏటికొప్పాకలో ఉలి పట్టిన చేతులు మగవాళ్ళవీ ఆడవాళ్ళవీ కూడా.

శ్రోతల్లారా, ఈ వారంలోనే ఒక పని చెయ్యండి. పెట్టె అడుగున ఉన్న ఆ సగం అల్లికో, సగం బొమ్మో బయటికి తియ్యండి. ఒకప్పుడు మీతో కలిసి గీసిన, కుట్టిన, పాడిన స్నేహితురాలికో స్నేహితుడికో ఫోను చేసి, ఫలానా రోజు మధ్యాహ్నం మా ఇంటికి రా, నీ పని కూడా తెచ్చుకో అని పిలవండి. ఈసారి పండక్కి ఎవరికైనా బహుమతి ఇవ్వాలంటే చేత్తో చేసినది, చేసినవాళ్ళ దగ్గరే, వాళ్ళడిగిన ధరకు కొనండి. కొన్నప్పుడు వాళ్ళ పేరు, ఊరు అడిగి తెలుసుకోండి, బహుమతితో పాటు ఆ రెండూ చెప్పి ఇవ్వండి.